ఫ్యాన్ తిరగట్లేదా? లినక్స్ నడిచే చిన్న బోర్డుకి కూలింగ్ ఫ్యాన్ పెట్టే పద్ధతి

"ఫ్యాన్ కొన్నాను, పిన్నులకి తగిలించాను, తిరగట్లేదు. ఏం చేయాలి?" ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని మళ్లీమళ్లీ వస్తోంది. దీనికి తిరగేసిన ప్రశ్న కూడా ఉంది: "ఫ్యాన్ ఆగట్లేదు, బోర్డు ఖాళీగా ఉన్నా గుయ్యిమంటూనే ఉంది." రెండింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. తిరగట్లేదని చెప్పే ఫ్యాన్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. తిరగాల్సినంత వేడి ఇంకా పుట్టలేదు, అంతే. మిగతా కేసుల్లో ఎక్కువ భాగం వైరు ఒక పిన్ను పక్కకి జరిగినవే. నిజంగా సాఫ్ట్‌వేర్ తప్పు ఉన్నవి తక్కువ. కానీ అందరూ మొదట పట్టుకునేది సాఫ్ట్‌వేర్నే! అందుకే ఇక్కడ వరస మార్చకండి: ముందు ఫ్యాన్ బాగుందని తేల్చుకోండి, తర్వాత వైర్లు, ఆ తర్వాతే సెట్టింగులు. ఒక మెట్టు తేలకుండా తర్వాతి మెట్టు ఎక్కితే ఎక్కడ తేడా కొట్టిందో ఎప్పటికీ తెలియదు.

ఉదాహరణలకి రాస్ప్‌బెర్రీ పై-4, పై-5 బోర్డుల్నే తీసుకున్నాను, ఎక్కువమంది దగ్గర ఉన్నవి అవే కాబట్టి. వేరే బోర్డులవాళ్లకి చివర్లో విడిగా రాశాను.

కమాండ్ల గురించి చిన్న గమనిక. వాటిని పలికినట్టే తెలుగు అక్షరాల్లో ఇచ్చాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. గీతలు, చుక్కలు, సమానం గుర్తులు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే. ఫైలు దారి కొట్టేటప్పుడు మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే పూర్తి చేస్తుంది. పూర్తి చేయకపోతే మీరు కొట్టిన స్పెల్లింగ్ తప్పన్నమాట, లేదా ఆ ఫైలే లేదు.

కావలసినవి

- 5 వోల్టుల డీసీ ఫ్యాన్. 30 లేదా 40 మిల్లీమీటర్ల సైజు సరిపోతుంది. పాత పీసీ నుంచి ఊడదీసినది వద్దు, అది 12 వోల్టులది. 5 వోల్టులకి కదలకపోవచ్చు, కదిలినా సరిపడా గాలి రాదు. ఫ్యాన్ వెనక లేబుల్ మీద వోల్టేజీ, కరెంటు రెండూ రాసి ఉంటాయి, చూసుకోండి.
- హీట్ సింక్, దాని కింద వేసే థర్మల్ ప్యాడ్. ఉత్త చిప్ మీదకి గాలి కొట్టడం కంటే హీట్ సింక్ మీదకి కొట్టడం ఎంతో నయం.
- బోర్డుకి సరైన అడాప్టర్. పై-4 కి 5 వోల్టులు 3 యాంపియర్లు, పై-5 కి 5 వోల్టులు 5 యాంపియర్లు.
- మల్టీమీటర్ ఉంటే మంచిది. లేకపోయినా పని ఆగదు.
- మీది రెండు వైర్ల ఫ్యాన్ అయి, దాన్ని వేడిని బట్టి ఆన్, ఆఫ్ చేయాలనుకుంటే: ఒక 2ఎన్2222 ట్రాన్సిస్టర్, 680 ఓమ్‌ల రెసిస్టర్, 1ఎన్4007 డయోడ్. ఈ సోల్డరింగ్ గొడవ వద్దనుకునేవాళ్లు కంట్రోల్ వైరు ఉన్న మూడు వైర్ల ఫ్యాన్ తీసుకోండి. పై-4 కేసుకి కంపెనీ అమ్మే ఫ్యాన్ అలాంటిదే. కొత్తవాళ్లకి నా సలహా అదే.

1. అసలు వేడి ఎంతుందో చూడండి

ఫ్యాన్ పెట్టకముందే ఈ పని చేయండి. లేకపోతే తర్వాత తేడా వచ్చిందో లేదో చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

వీసీజెన్‌సీఎండీ మెజర్_టెంప్

చిప్ ఉష్ణోగ్రత డిగ్రీల్లో వస్తుంది. రాస్ప్‌బెర్రీ కాని బోర్డుల్లో ఈ కమాండ్ ఉండదు. అక్కడ ఇది వాడండి, ఇది దాదాపు ఏ లినక్స్‌లోనైనా పనిచేస్తుంది:

క్యాట్ /సిస్/క్లాస్/థర్మల్/థర్మల్_జోన్0/టెంప్

52000 లాంటి అంకె వస్తే కంగారు పడకండి. అది డిగ్రీలో వెయ్యో వంతుల లెక్క. 52000 అంటే 52 డిగ్రీలు. సెట్టింగుల ఫైల్లో కూడా ఇదే లెక్క నడుస్తుంది, కాబట్టి ఇప్పుడే అలవాటు చేసుకోండి.

బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, మీరు రోజూ చేసే పని చేస్తున్నప్పుడు ఒకసారి చూసి రాసి పెట్టుకోండి. పై-4 అయితే 80 డిగ్రీలు దాటగానే తనంతట తానే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. పై-3బీ ప్లస్ అయితే 60 డిగ్రీలకే 1.4 గిగాహెర్ట్జ్ నుంచి 1.2 కి దిగుతుంది. పని చేస్తున్నప్పుడు కూడా మీ పై-4 60 లోపే ఉంటోందంటే మంచి హీట్ సింక్ ఒక్కటి చాలు, ఫ్యాన్ వద్దు. కదిలే భాగం ఎంత తక్కువుంటే అంత తలనొప్పి తక్కువ.

2. ఫ్యాన్ ఒక్కదాన్నే పరీక్షించండి

బోర్డుని షట్‌డౌన్ చేసి, అడాప్టర్ వైరు పీకేయండి. కరెంటు ఉండగా పిన్నుల మీద చేయి పెట్టకండి. ఆ 40 పిన్నుల్లో 5 వోల్టులవి ఉన్నాయి, 3.3 వోల్టులవీ ఉన్నాయి. జీపీఐఓ పిన్నులన్నీ, అంటే సాఫ్ట్‌వేర్‌తో ఆన్, ఆఫ్ చేయగలిగే పిన్నులన్నీ, 3.3 వోల్టులకే తట్టుకుంటాయి. వైరు జారి 5 వోల్టులు జీపీఐఓకి తగిలితే ఆ పిన్నుతో పోదు, ఒక్కోసారి చిప్పే పోతుంది.

పిన్నుల అంకెలు ఎలా లెక్కపెట్టాలో ఇక్కడే చాలామంది తడబడతారు. బోర్డు తిప్పి అడుగు భాగం చూడండి. ఒక పిన్ను చుట్టూ ఉన్న సోల్డర్ చదరంగా ఉంటుంది, మిగతావి గుండ్రంగా ఉంటాయి. ఆ చదరమే 1. దాని పక్కన, బోర్డు అంచువైపు ఉన్నది 2. అంటే బేసి అంకెలన్నీ లోపలి వరసలో, సరి అంకెలన్నీ అంచు వరసలో ఉంటాయి. అంచు వరసలో 2, 4 పిన్నులు 5 వోల్టులు, 6 గ్రౌండ్. బోర్డు ఆన్‌లో ఉన్నప్పుడు టెర్మినల్లో పినౌట్ అని కొడితే ఈ బొమ్మంతా తెర మీద గీసి చూపిస్తుంది. షట్‌డౌన్ చేసేముందు దాన్ని ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

రెండు వైర్ల ఫ్యాన్ అయితే ఎర్ర వైరు 4 కి, నల్ల వైరు 6 కి పెట్టండి. మూడు వైర్ల కేస్ ఫ్యాన్ అయితే కంట్రోల్ వైరుని, అంటే నీలం వైరుని, 1వ పిన్నుకి, అంటే 3.3 వోల్టులకి పెట్టి చూడండి. ఆన్ చేయమని చెప్పినట్టే. ఇప్పుడు అడాప్టర్ పెట్టండి.

తిరిగిందా? ఫ్యాన్ బాగుంది. ఇక మీద ఏం జరిగినా తప్పు ఫ్యాన్‌ది కాదు.

తిరగకపోతే వరసగా ఇవి చూడండి:

- ఎరుపు, నలుపు తారుమారయ్యాయా? ఈ ఫ్యాన్లు బ్రష్‌లెస్ రకం. తిరగేసి పెడితే వెనక్కి తిరగవు, అసలు తిరగవు.
- ఒక పిన్ను పక్కకి జరిగిందా? ఎరుపు 2 లో, నలుపు 4 లో ఉంటే రెండువైపులా 5 వోల్టులే, కదలిక ఉండదు. ఇది చూసి చూసి ఉన్నాను.
- రెక్కని వేలితో మెల్లగా తోయండి. తోశాక తిరిగితే బేరింగ్ బిగుసుకుంది, లేదా వోల్టేజీ తక్కువ అందుతోంది.
- స్క్రూలు మరీ బిగించేశారా? ప్లాస్టిక్ చట్రం కాస్త వంగినా రెక్కలు దానికి రాసుకుని ఆగిపోతాయి. అర మలుపు వదులు చేసి చూడండి.

3. బిగించడం

గాలి ఎటు పోతోందో ముందు తెలుసుకోండి. చట్రం మీద బాణం గుర్తుంటే దాన్ని నమ్మండి. లేకపోతే లేబుల్ ఉన్న వైపు, అడ్డ కడ్డీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. అనుమానమైతే చిన్న కాగితం ముక్క దగ్గర పెట్టి చూడండి.

హీట్ సింక్ మీదకి ఊదేలా పెట్టడం సాధారణంగా మేలు. కేసు మూసి ఉండి, వేడి గాలి పోయే దారి లేకపోతే మాత్రం ఎటు పెట్టినా ఒకటే. లోపలి వేడి గాలినే తిప్పితిప్పి కొడుతుంది. ఫ్యాన్ పైన కనీసం వేలి మందం ఖాళీ, కేసుకి ఇంకో వైపు రంధ్రాలు ఉండేలా చూసుకోండి. థర్మల్ ప్యాడ్‌కి రెండువైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, రెండూ ఒలిచాకే అంటించాలి. ఒకవైపు పొర వదిలేసి, ఫ్యాన్ పనిచేయట్లేదని తిట్టుకునేవాళ్లు ఉన్నారు.

4. పై-4 కి వైర్లు

మూడు వైర్ల కేస్ ఫ్యాన్‌కి ఎరుపు 4 కి, నలుపు 6 కి, నీలం 8 కి. అంచు వరసలో పక్కపక్కనే ఉంటాయి, పని అయిపోయింది.

రెండు వైర్ల ఫ్యాన్‌కి ట్రాన్సిస్టర్ కావాలి. "ట్రాన్సిస్టర్ ఎందుకు, నేరుగా జీపీఐఓ పిన్నుకే పెట్టేస్తే పోలా?" అంటారు. వద్దు. ఒక జీపీఐఓ పిన్ను నుంచి 16 మిల్లీ యాంపియర్లకి మించి లాగకూడదు. చిన్న ఫ్యాన్ కూడా వంద, నూటయాభై లాగుతుంది. పిన్ను ఉండేది ఆజ్ఞ ఇవ్వడానికే, బరువు మోయడానికి కాదు.

కలిపే తీరు ఇది:

- ఫ్యాన్ ఎర్ర వైరు 4వ పిన్నుకి.
- ఫ్యాన్ నల్ల వైరు ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి.
- ఎమిటర్ 6వ పిన్నుకి.
- బేస్ నుంచి 680 ఓమ్‌ల రెసిస్టర్, దాని రెండో కొస 8వ పిన్నుకి.
- డయోడ్ ఫ్యాన్ రెండు వైర్ల మధ్య. గీత ఉన్న కొస ఎర్ర వైరు వైపు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, 2ఎన్2222 పేరుతో దొరికే ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లన్నిటి కాళ్లూ ఒకే వరసలో ఉండవు. పీఎన్2222ఏ అని రాసినదాన్ని చదును వైపు మీకు ఎదురుగా పెట్టి చూస్తే ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. పీ2ఎన్2222ఏ అని రాసినది సరిగ్గా దీనికి తలకిందులు. మీ దగ్గరున్నదాని మీద ఏం రాసి ఉందో భూతద్దంతోనైనా చదవండి. రెండోది, డయోడ్ తిరగబడితే ట్రాన్సిస్టర్ ఆన్ అయిన క్షణంలో 5 వోల్టులు నేరుగా డయోడ్ గుండా గ్రౌండ్‌కి దారి వెతుక్కుంటాయి. ట్రాన్సిస్టర్ కాలుతుంది, బోర్డు ఆగిపోతుంది. అడాప్టర్ పెట్టేముందు ఆ గీత ఎటుందో మరోసారి చూడండి.

ఆ ట్రాన్సిస్టర్ బదులు మాస్‌ఫెట్ అనే రకం వాడాలనుకుంటే 3.3 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే లాజిక్ లెవెల్ రకం తీసుకోండి. 2ఎన్7000 ఈ పనికి నప్పదు, ఆ వోల్టేజీకి సగం తెరుచుకుని వేడెక్కుతుంది.

5. పై-4 లో సెట్టింగు

సులువైన దారి మెనూ. సుడో రాస్పీ-కాన్ఫిగ్ కొట్టి, పర్‌ఫార్మెన్స్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఫ్యాన్ ఎంచుకోండి. ఏ జీపీఐఓ అని అడిగితే 14 ఇవ్వండి. ఎన్ని డిగ్రీలకి ఆన్ కావాలని అడుగుతుంది. అక్కడ ముందే ఉండే 80 ని వదిలేయకండి. 80 వరకూ ఆగితే వేగం తగ్గడం మొదలయ్యే సమయానికి ఫ్యాన్ లేస్తుంది. 60 ఇవ్వండి. బయటికొచ్చి రీబూట్ చేయండి.

ఫైల్లో చేత్తో రాసుకోవాలనుకుంటే, 2023 లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ కూర్పు బుక్‌వర్మ్ నుంచి ఆ ఫైలు /బూట్/ఫర్మ్‌వేర్/కాన్ఫిగ్.టీఎక్స్‌టీ. అంతకుముందు వాటిలో /బూట్/కాన్ఫిగ్.టీఎక్స్‌టీ. కొత్త సిస్టంలో పాత ఫైల్ని దిద్దితే ఏమీ జరగదు. ఫైలు అడుగున, ఆల్ అన్న శీర్షిక కింద, ఈ ఒక్క వరస చేర్చండి:

డీటీఓవర్లే=జీపీఐఓ-ఫ్యాన్,జీపీఐఓపిన్=14,టెంప్=60000

సమానం గుర్తుకి, కామాకి ముందూ వెనకా ఖాళీ ఉండకూడదు. వేరే బోర్డు శీర్షిక కింద పడితే ఆ వరసని మీ బోర్డు చదవనే చదవదు.

అందరూ పొరబడే చోటు ఇంకొకటి ఉంది. వైరు పెట్టింది 8వ పిన్నుకి కదా అని ఇక్కడ 8 రాస్తారు. ఇక్కడ అడిగేది జీపీఐఓ అంకె. 8వ పిన్ను మీద ఉన్నది జీపీఐఓ 14. జీపీఐఓ 8 అనేది ఎక్కడో 24వ పిన్ను మీద ఉంటుంది.

ఆన్ అయ్యే డిగ్రీ ఎంత పెట్టాలి? ఈ ఓవర్లే, అంటే మీరు చేర్చిన ఆ వరస, 60 కి ఆన్ చేస్తే, మీరు వేరే చెప్పకపోతే, 10 డిగ్రీలు తగ్గాకే, అంటే 50 కి ఆపుతుంది. ఆ ఎడం లేకపోతే ఫ్యాన్ నిమిషానికి పదిసార్లు ఆగి లేస్తుంది. ఇప్పుడు మీరు మొదటి మెట్టులో రాసిపెట్టుకున్న అంకె తీయండి. ఫ్యాన్ నడుస్తున్నా మీ బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు 52 దగ్గరే ఆగుతోందనుకోండి, 50 కి ఎప్పటికీ దిగదు. ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు. "ఆగట్లేదు" అనేవాళ్లలో సగంమంది సంగతి ఇదే. టెంప్‌ని 65000 చేయండి, లేదా అదే వరస చివర కామా పెట్టి హిస్ట్=5000 (ఇంగ్లీషులో హెచ్, వై, ఎస్, టీ) చేర్చి ఎడం 5 డిగ్రీలకి తగ్గించండి.

జీపీఐఓ 14 సీరియల్ కన్సోల్‌కి కూడా వాడే పిన్ను. మీరు సీరియల్ వైరుతో బోర్డులోకి లాగిన్ అవుతుంటే ఫ్యాన్‌కి అది వద్దు. కంట్రోల్ వైరుని 11వ పిన్నుకి మార్చి, జీపీఐఓపిన్=17 అని రాయండి.

6. పై-5 అయితే

పై-5 కి ఫ్యాన్ సాకెట్ విడిగా ఉంది, నాలుగు పిన్నులది. యూఎస్‌బీ పోర్టులకి, 40 పిన్నుల వరసకి మధ్య మూలలో కనబడుతుంది. మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటే తీసేయండి. ప్లగ్ ఒక్కవైపే పడుతుంది. బలంగా నొక్కి దూర్చితే సాకెట్టే బోర్డు మీంచి ఊడొస్తుంది. గోటితో మెల్లగా నెట్టండి.

ఇక్కడ జీపీఐఓ-ఫ్యాన్ వరస అక్కర్లేదు. పాత ట్యుటోరియల్ చూసి రాసి ఉంటే తీసేయండి. బోర్డు లేచేటప్పుడే ఫ్యాన్‌ని ఒకసారి తిప్పి చూస్తుంది. తిరుగుతున్నట్టు టాకో వైరు (ఫ్యాన్ వేగం చెప్పే వైరు) నుంచి కబురొస్తే ఫ్యాన్ డ్రైవర్‌ని తనే ఆన్ చేస్తుంది. కాబట్టి బోర్డు నడుస్తుండగా ఫ్యాన్ తగిలించి, తిరగట్లేదనుకోకండి. ఆపి, తగిలించి, మళ్లీ ఆన్ చేయండి.

అలా ఆన్ అయ్యాక ఫ్యాన్ నడిచే తీరు ఇది. 50 డిగ్రీల లోపు పూర్తిగా ఆగి ఉంటుంది. 50 కి దాదాపు 30 శాతం వేగం, 60 కి 50 శాతం, 67.5 కి 70 శాతం, 75 కి పూర్తి వేగం. దిగేటప్పుడు 5 డిగ్రీల ఎడం. కొత్తగా ఆన్ చేసిన పై-5 చల్లగా ఉంటే ఫ్యాన్ కదలకపోవడమే సరైన ప్రవర్తన.

ఈ మెట్లు మార్చుకోవాలంటే కాన్ఫిగ్ ఫైల్లో ఇలా:

డీటీపారమ్=ఫ్యాన్_టెంప్0=55000
డీటీపారమ్=ఫ్యాన్_టెంప్0_హిస్ట్=5000
డీటీపారమ్=ఫ్యాన్_టెంప్0_స్పీడ్=75

మిగతా మెట్లకి 0 బదులు 1, 2, 3. స్పీడ్ అంకె 0 నుంచి 255 దాకా. 75 అంటే దాదాపు 30 శాతం. మరీ తక్కువ పెడితే ఆగి ఉన్న ఫ్యాన్ లేవలేదు, సన్నగా మూలుగుతూ అక్కడే ఉండిపోతుంది.

టాకో వైరు లేని ఫ్యాన్ తగిలిస్తే బోర్డు దాన్ని గుర్తుపట్టదు. అప్పుడు డీటీపారమ్=కూలింగ్_ఫ్యాన్=ఆన్ అని చేర్చి రీబూట్ చేయండి.

డ్రైవర్ సంగతి పక్కనపెట్టి ఫ్యాన్‌ని బలవంతంగా తిప్పి చూడాలంటే సుడో పిన్‌కంట్రోల్ ఫ్యాన్_పీడబ్ల్యూఎం ఓపీ డీఎల్ కొట్టండి. మొదటి పేరు పిన్‌సీటీఆర్ఎల్ అన్న అక్షరాలతో ఉంటుంది, ఫ్యాన్_పీడబ్ల్యూఎం మాత్రం పెద్ద అక్షరాల్లో. పూర్తి వేగంతో లేవాలి. డీఎల్ అంటే పిన్నుని కిందికి లాగడం, ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది కాబట్టి లాగితేనే తిరుగుతుంది. పరీక్ష అయ్యాక రీబూట్ చేస్తే మళ్లీ మామూలుకి వస్తుంది. అలా వదిలేస్తే మాత్రం వేడితో సంబంధం లేకుండా హోరెత్తిస్తూనే ఉంటుంది.

7. పనిచేస్తోందని తేల్చుకోవడం

"తిరుగుతోంది కదా" అని మూత బిగించేయకండి. సరైన వేడికి లేచి, సరైన వేడికి ఆగితేనే పని అయినట్టు.

ముందు కెర్నల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, ఫ్యాన్ కనబడుతోందా చూడండి:

క్యాట్ /సిస్/క్లాస్/థర్మల్/కూలింగ్_డివైస్*/టైప్

జాబితాలో జీపీఐఓ-ఫ్యాన్ గాని, పై-5 లో పీడబ్ల్యూఎం-ఫ్యాన్ గాని ఉండాలి. లేకపోతే తప్పు కాన్ఫిగ్ వరసలో ఉంది, వైర్లని కదపకండి.

కనబడితే చేత్తో ఆన్ చేయండి. కూలింగ్_డివైస్0 మీదే ఫ్యాన్ ఉందనుకుంటే:

ఎకో 1 | సుడో టీ /సిస్/క్లాస్/థర్మల్/కూలింగ్_డివైస్0/కర్_స్టేట్

ముందు సుడో పెట్టి, బాణం గుర్తుతో ఫైల్లోకి పంపితే అనుమతి లేదంటుంది. ఆ సుడో ఎకోకే వర్తిస్తుంది, ఫైల్లో రాసే పనికి కాదు. టీ వాడేది అందుకే. కాసేపటికి కెర్నల్ వేడి చూసుకుని మళ్లీ ఆపేయొచ్చు, అది తప్పు కాదు.

ఇప్పుడు నిజంగా వేడెక్కించండి. సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ స్ట్రెస్-ఎన్‌జీ చేసి, ఒక టెర్మినల్లో ఇది:

స్ట్రెస్-ఎన్‌జీ --సీపీయూ 4 --టైమౌట్ 10ఎం

ఇంకో టెర్మినల్లో ఇది:

వాచ్ -ఎన్ 2 వీసీజెన్‌సీఎండీ మెజర్_టెంప్

రెండు సెకన్లకోసారి అంకె మారుతుంది. మీరు పెట్టిన డిగ్రీ దాటగానే ఫ్యాన్ లేవాలి, ఆ తర్వాత అంకె ఎక్కడం నెమ్మదించి ఒకచోట నిలబడాలి. పది నిమిషాలయ్యాక భారం తగ్గుతుంది, అంకె దిగుతుంది, ఎడం దాటాక ఫ్యాన్ ఆగుతుంది. ఆ చివరి భాగం దాకా కూర్చుని చూడండి. పై-5 లో వేగం కూడా చూడొచ్చు, /సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్ కింద ఫ్యాన్1_ఇన్‌పుట్ అన్న ఫైల్లో నిమిషానికి ఎన్ని చుట్లో ఉంటుంది.

ఆఖరిగా వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ కొట్టండి. 0ఎక్స్0 వస్తే బోర్డు లేచినప్పటి నుంచి ఏ ఇబ్బందీ లేదు. ఇంకేదైనా వస్తే 0ఎక్స్ తర్వాత వచ్చే మొదటి అంకె చూడండి, వెనక నాలుగు అంకెలు ఉండాలి. అందులో 1 అంటే కరెంటు తగ్గింది, 2 అంటే వేగానికి పరిమితి పడింది, 4 అంటే వేగం కోసేసింది, 8 అంటే మొదటి వేడి హద్దు దాటింది. రెండు మూడు జరిగితే కూడి చూపిస్తుంది. ఎక్కువగా కనబడే 0ఎక్స్50000 లో 5 అంటే 1, 4 కలిసినవి. ఇది అడాప్టర్ రోగం. వోల్టేజీ సుమారు 4.63 కంటే దిగితే ఈ గుర్తు పడుతుంది, నాసిరకం యూఎస్‌బీ వైరు చాలు దానికి. దీనికి ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా ఉపయోగం లేదు. ఈ గుర్తులు రీబూట్ చేసేదాకా చెరగవు కాబట్టి పరీక్షకి ముందు ఒకసారి రీబూట్ చేసి మొదలుపెట్టండి.

వేరే బోర్డులవాళ్లకి

ఆరెంజ్ పై, రాక్‌చిప్ బోర్డులు, ఆర్మ్‌బియన్ (ఇలాంటి బోర్డులకి వచ్చే లినక్స్) వాడేవాళ్లు మొదట క్యాట్ /సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్/హెచ్‌డబ్ల్యూమాన్*/నేమ్ కొట్టండి. పీడబ్ల్యూఎంఫ్యాన్ అని ఒకటి కనబడితే డ్రైవర్ ఉన్నట్టే. ఆ ఫోల్డర్లో పీడబ్ల్యూఎం1 అన్న ఫైలు ఉంటుంది, అందులో 255 రాస్తే పూర్తి వేగం, 0 రాస్తే ఆగుతుంది. దీన్ని స్క్రిప్టులో పెట్టేటప్పుడు హెచ్‌డబ్ల్యూమాన్2 అని అంకెతో రాయకండి. రీబూట్ అయితే ఆ అంకె మారొచ్చు, అప్పుడు మీ స్క్రిప్టు ఇంకెక్కడో రాస్తుంది. నేమ్ ఫైలు చదివి వెతుక్కునేలా రాయండి.

ఆ పేరు కనబడకపోతే మీ ఇమేజ్ డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే జాబితాలో) ఫ్యాన్ లేదు. ఆర్మ్‌బియన్‌లో ఆర్మ్‌బియన్-కాన్ఫిగ్ మెనూలో మీ బోర్డుకి ఫ్యాన్ ఓవర్లే ఉందేమో చూడండి. మొదటితరం జెట్సన్ నానోలో దారి వేరు, అక్కడ /సిస్/డివైసెస్/పీడబ్ల్యూఎం-ఫ్యాన్/టార్గెట్_పీడబ్ల్యూఎం లో 0 నుంచి 255 దాకా రాయాలి.

ఎక్కడ ఏ డ్రైవరూ దొరక్కపోతే రెండు వైర్ల ఫ్యాన్‌ని నేరుగా 5 వోల్టులకి పెట్టి వదిలేయండి. ఎప్పుడూ తిరుగుతుంది, కాస్త చప్పుడు, కాస్త దుమ్ము. అల్మరాలో మూల పడి ఉండే బోర్డుకి నేనైతే ఇదే చేస్తాను, చెడిపోవడానికి సెట్టింగంటూ ఏమీ ఉండదు. చప్పుడు భరించలేకపోతే ఎర్ర వైరుని 1వ పిన్నుకి, 3.3 వోల్టులకి మార్చి చూడొచ్చు. నెమ్మదిగా, నిశ్శబ్దంగా తిరుగుతుంది. అయితే చల్లగా ఆగి ఉన్న ఫ్యాన్ ఎవరూ తోయకుండా తనంతట తాను లేస్తోందో లేదో నాలుగైదుసార్లు ఆపి ఆన్ చేసి చూసుకోండి. కొత్తలో లేచినది దుమ్ము పట్టాక లేవకపోవచ్చు.

ఒకే ఫ్యాన్‌కి ఇద్దరు యజమానులు ఉండకూడదు. ఫ్యాన్ హ్యాట్‌తో (పిన్నుల మీద తగిలించే అదనపు బోర్డుతో) వచ్చిన స్క్రిప్టు ఒకపక్క, కాన్ఫిగ్ ఫైల్లో జీపీఐఓ-ఫ్యాన్ ఇంకోపక్క నడిస్తే, ఒకటి ఆన్ చేసినప్పుడల్లా రెండోది ఆపుతుంది. హ్యాట్ స్క్రిప్టు వాడితే ఓవర్లే వరస తీసేయండి, లేదా ఓవర్లే ఉంచి స్క్రిప్టు సర్వీసుని డిసేబుల్ చేయండి.

ఇవన్నీ బాగున్నా కొన్ని నెలలకి వేడి మళ్లీ పెరిగితే రెక్కలు, హీట్ సింక్ సందులు చూడండి, దుమ్ము పేరుకుని ఉంటుంది. బోర్డు ఆపి, రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో తుడవండి. డబ్బా గాలితో ఊదేవాళ్లు కూడా రెక్కని పట్టుకునే ఊదండి, వదిలేస్తే మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.